మొదటి హారతి లక్ష్మీరాజానికే

ఎర్రవాగులో చాయ హోటళ్లు రెండు. బస్సు దిగగానే కుడివైపున్న దాంట్లో లక్ష్మీరాజాన్ని దేవుడంటారు. ఎడమవైపు దాంట్లో ఆయన పేరెత్తితే గ్లాసు కింద పెట్టి మరీ తిడతారు. ఇటువాళ్లు అటు తాగరు, అటువాళ్లు ఇటు తొంగి చూడరు. చాయ మాత్రం రెండు చోట్లా ఒకేలా నీళ్లగా ఉంటుంది. లక్ష్మీరాజం గురించి "ఏమో, ఫర్వాలేదు" అనే మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

బోధన్ చుట్టుపక్కల చెరకు ఊళ్లలో చెరకు పండించడం పెద్ద విద్యేమీ కాదు, ఎవరైనా పండిస్తారు. సీజన్లో సరైన వేళకు దాన్ని కొట్టించి ఫ్యాక్టరీకి తోలించుకోవడమే విద్య. అందుకు ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్ కావాలి, ఆ ఫ్యాక్టరీలో చెల్లేది లక్ష్మీరాజం మాట. ఆయన తల నిలువుగా ఊపితే ఆర్డర్ వచ్చేది. అడ్డంగా ఊపితే చెరకు పొలంలోనే నిలబడి, పూత పట్టి, బెండు పట్టి, చివరికి పొయ్యిలోకి పనికొచ్చేది. నిలువు తల చూసినవాళ్లది కుడి హోటల్, అడ్డం తల చూసినవాళ్లది ఎడమ హోటల్. అంతకు మించి సిద్ధాంతాలేమీ లేవు.

ఆ ఏడు కొత్తగా మండలాలు పెట్టారు. మండలానికో అధ్యక్షుడట, జనమే ఓట్లేసి ఎన్నుకుంటారట. గాలి అధికార పార్టీ వైపే వీస్తోంది కనుక ఆ పార్టీ టికెట్ వచ్చినవాడు గెలిచినట్టే. ఇక ఆ చలికాలమంతా రెండు హోటళ్లలో ఒకటే మాట: లక్ష్మీరాజానికి టికెట్ వస్తదా, రాదా?

అందరికంటే ఎక్కువగా ఆ మాట నమిలింది సాయవ్వ. ఆమె నిజామాబాద్‌లో బి.ఏ. చదివింది. డిగ్రీ పట్టా మీద కూడా సాయవ్వ అనే ఉంటుంది. కాలేజీలో లెక్చరర్ "పేరు మార్చుకోరాదూ" అంటే, "పేరు మా నానమ్మది సార్, ఆమెను అడగాలి, ఆమె పోయింది" అని చెప్పిన మనిషి. చదివిన చదువంతా ఇప్పుడు కందిపప్పులో రాళ్లు ఏరడానికి వాడుతోంది. మొగుడు హన్మండ్లుకు ఎరువుల దుకాణం. దుకాణంలో కంటే లక్ష్మీరాజం వెనకాల ఎక్కువగా కనబడతాడు. లక్ష్మీరాజం తుమ్మితే రుమాలు హన్మండ్లు జేబులోంచి వస్తుంది.

సాయవ్వ తమ్ముడు సిద్దిరాములు. రెండేళ్ల కిందట చెరకు రైతుల సొసైటీ ఎన్నికల్లో లక్ష్మీరాజం మనిషి మీద పోటీ చేసి, గెలవలేదు గాని, భయపెట్టాడు. ఆ సీజన్లో అతని చెరకుకు ఆర్డర్ రాలేదు. ఎండాకాలం దాకా నిలబడి ఎండిపోయిన ఆ తోట ఒకరోజు మిట్టమధ్యాహ్నం అంటుకుంది. దాంతోపాటు పక్కనున్న పోశయ్య తోట కూడా కాలింది. పోశయ్య లక్ష్మీరాజం పాలేరు కొడుకు. సిద్దిరాములే అగ్గి పెట్టాడని పోశయ్య పోలీసులకు చెప్పాడు. తన చెరకు తానే ఎందుకు తగలబెట్టుకుంటాడని ఎవరూ అడగలేదు. కేసయింది. సిద్దిరాములు రాత్రికి రాత్రి బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకు పారిపోయాడు. వాగు గడ్డ గల్లీలో తల్లి నాగవ్వ ఒక్కతే మిగిలింది.

హన్మండ్లు అప్పుడు భార్యతో అన్న మాట ఒక్కటే. "నేనేం చేస్తనే? లక్ష్మీరాజన్నకు ఎదురు చెప్పాల్నా?"

ఆ రోజు నుంచి సాయవ్వ అతనికి అన్నం వేడిగా పెట్టడం మానేసింది. అతను అది గమనించలేదు. గమనించే మనిషైతే మొదట్లోనే ఇంకేదైనా గమనించేవాడు.

లక్ష్మీరాజం మండలాధ్యక్షుడైతే పోలీసులు, కచేరీ, ఫ్యాక్టరీ అన్నీ ఒకే గుప్పిట్లోకి వస్తాయి. ఇక తమ్ముడు ఈ జన్మకు ఊరి బస్సు ఎక్కడు. ఆమె లెక్క అంతే, సూటిగా ఉంది.

సంక్రాంతి దాటాక కబురొచ్చింది. హైదరాబాద్ నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చి, ఊళ్లో అందరి అభిప్రాయం విని, టికెట్ ఎవరికో పైకి చెప్తాడట. భోజనం హన్మండ్లు ఇంట్లో. ఊళ్లో నాలుగు కుర్చీలు ఒకేలా ఉన్న ఇల్లు అదొక్కటే మరి.

నాగవ్వ ఆ మాట విని కొంగు బిగించుకుని కూతురింటికి వచ్చింది.

"గా పెద్దమనిషి రాంగనే కాళ్ల మీద పడి చెప్తనే. నా కొడుకు బతుకు ఎట్ల నాశనం చేసిండో చెప్తా. ఎడమ హోటల్ల కూసునేటోళ్లంత వస్తమన్నరు."

"వద్దవ్వ. నువ్వు ఇల్లు కదలకు."

"ఏందే? మొగనికి భయపడుతున్నవా?"

"ముందటేడు సొసైటీ టైంల పార్టీ నుంచి ఒకాయన వచ్చిండు, యాదికున్నదా? గా అర్రల కూసోని అందరి మాటలిన్నడు. సగం ఊరు పోయి రాజన్నను తిట్టింది. అన్నం తిన్నంక చెయ్యి కడుక్కుంట ఏమన్నడో ఎరికేనా? 'ఇంతమంది ఇంత తిడుతున్నరంటే మనిషిల సత్తా ఉన్నట్టేనయ్యా' అన్నడు. తువ్వాల పట్టుకోని పక్కనే నేనే నిలవడ్డ."

నాగవ్వ గుమ్మంలోనే చతికిలబడింది. "తిడితే బలమొస్తదా వానికి?"

"వస్తది. తిట్లు తిని పెరిగిండు. గందుకే ఈసారి ఒక్క తిట్టు గూడ పడొద్దు. పొగడాలె."

"నా నోటితోటి వాణ్ని పొగడాల్నా? నోట్ల పురుగులు పడవా?"

"నువ్వు పొగడొద్దవ్వ. నువ్వు ఇంట్ల కూసోని బీడీలు చుట్టుకో. పొగిడే పని నేను చూస్త."

నాగవ్వ కూతురి ముఖంలోకి చూసి, అందులో ఏం కనబడిందో, బిగించిన కొంగు వదులు చేసుకుని వెళ్లిపోయింది.

సాయవ్వకు తోడు కావలసింది శారమ్మ. చెరకు కోతలకు పోయే ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రీ. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే రోడ్డు మీది బస్సు డ్రైవర్లు కూడా హారన్ ఆపేవారని చెప్పుకుంటారు. కోత కూలి పెంచమని రైతు బిడ్డయ్యుండి రైతులతోనే కొట్లాడిన సిద్దిరాములంటే ఆమెకు ప్రాణం.

"శారక్క, నీ గొంతు కావాలె."

"పాటకా, తిట్టుకా?"

"జిందాబాద్‌కు. లక్ష్మీరాజన్నకు."

శారమ్మ తట్టలో ఉన్న ఉల్లిగడ్డ తీసి సాయవ్వ మీదికి విసిరింది. సాయవ్వ దాన్ని పట్టుకుని, పక్కన కూర్చుని, పొట్టు తీస్తూ అంతా చెప్పింది. పొట్టు తీయడం అయ్యేసరికి శారమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నవ్వుకో, ఉల్లికో తెలియలేదు.

"అబ్బ, నీ కడుపుల ఇంత విషముందా చెల్లె! ఎడమ హోటలోళ్లను ఇంట్ల కూసోబెట్టుడు నా జిమ్మ. కానీ దేవుడు నన్నడిగితే నీ పేరే చెప్త."

ఆ రాత్రి అన్నం పెడుతూ సాయవ్వ మొగుడితో అంది. "రాజన్నకు స్వాగతం జబర్దస్తుగ ఉండాలె. బండి మీద తేవాలె. హైదరాబాదాయన కండ్లు తిరగాలె."

హన్మండ్లు ముద్ద చేతిలోనే ఆగింది. "గిది నువ్వేనానే మాట్లాడేది?"

"ఎన్నాళ్లుంటది కోపం? రేపు ఆయన అధ్యక్షుడయితే మన దుకాణానికి మంచిదే గద."

ఆ మాట అతనికి బాగా అర్థమైంది. మర్నాడే వెళ్లి లక్ష్మీరాజానికి చెప్పాడు. సాయంత్రానికి లక్ష్మీరాజమే వచ్చాడు. మనిషి ఎత్తరి, గొంతు లోతుగా, మెత్తగా ఉంటుంది. చెడ్డవాళ్లందరికీ చెడ్డ గొంతే ఉంటే లోకంలో సగం పని తేలికయ్యేది. బొంబాయిలో చచ్చిపోయిన కూలివాడి శవాన్ని లారీ మాట్లాడి ఊరికి తెప్పించినవాడు కూడా ఆయనే. కుడి హోటల్లో ఆ కథ రోజూ చెప్పుకుంటారు. అబద్ధం కాదది.

"చెల్లె, నా మీద కోపం లేదు గదా?" అన్నాడు, చాయ అందుకుంటూ.

"కోపమేందన్న? గాచారం, మా రాత గట్లున్నది. మీరు మా ఊరికే పరిమితం కావద్దని నా ఆశ."

లక్ష్మీరాజం చాయ తాగడం ఆపి ఆమె వైపు చూశాడు. మనసులో ఎప్పటి నుంచో దాచుకున్న మాట పరాయి ఇంటి వసారాలో వినబడితే ఎవరైనా అలాగే చూస్తారు.

"నువ్వు సదువుకున్నదానివి చెల్లె. నీకు సమజైంది," అన్నాడు.

పరిశీలకుడు వచ్చే రోజు ఎర్రవాగు పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా చెరకు గడలతో పెద్ద కమాను కట్టారు. దాని మీద గుడ్డ బ్యానర్. "కాబోయే ముఖ్యమంత్రి లక్ష్మీరాజన్నకు స్వాగతం" అని ఎర్ర రంగులో. రాయించింది సాయవ్వే, కుడి హోటల్ కుర్రాళ్ల చేత. హైదరాబాద్‌లో కూర్చున్న అసలు ముఖ్యమంత్రి పేరు గాని, పార్టీ పేరు గాని అందులో ఎక్కడా లేవు. చోటు చాలలేదు మరి.

లక్ష్మీరాజం ఆ బ్యానర్ కింద నిలబడి తలెత్తి చూశాడు.

"గిది జర ఎక్కువైందేమో రా?"

దూరంగా నిలబడ్డ సాయవ్వ చెవులు రిక్కించింది. తీసెయ్యమంటాడా? ఈ మనిషిలో ఆ పాటి జాగ్రత్త ఉందా?

"సరే గానీ, జర పైకి కట్టుండ్రి," అన్నాడు లక్ష్మీరాజం. "చెరుకు లారీలకు తగిలి చినుగుతది."

సాయవ్వ హారతి పళ్లెం సర్దడానికి ఇంటికి మళ్లింది.

తెల్ల అంబాసిడర్ రానే వచ్చింది. అప్పటికే లక్ష్మీరాజం పూలు కట్టిన ఎద్దులబండి ఎక్కి ఉన్నాడు. కారు దగ్గరకు దిగి వెళ్లి పలకరించాలని హన్మండ్లు గొణిగాడు గాని, శారమ్మ ముఠా అప్పటికే బండి చుట్టూ మూగి అరుపు ఎత్తుకుంది. "రాజన్న నాయకత్వం!" "వర్ధిల్లాలె!" "మా దేవుడు ఎవలు?" "రాజన్న!" ఆ గొంతు ముందు దిగడం ఎవరి వల్లా కాదు. బండి కదిలింది. దారికి ఒక పక్కంతా ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల వరస. దాటే చోటు లేదు. పరిశీలకుడి కారు లక్ష్మీరాజం ఎద్దుల వెనకాల, ఎద్దుల నడకతోనే, దుమ్మూ చెరకాకూ తింటూ ఊరంతా తిరిగింది. ఎద్దులు మధ్యలో ఆగి, ఎద్దులు ఆగినప్పుడు చేసే పనులన్నీ చేశాయి. డ్రైవర్ హారన్ కొట్టినప్పుడల్లా శారమ్మ దాన్ని బాజా అనుకున్నట్టు ఇంకాస్త గొంతు పెంచింది.

హన్మండ్లు ఇంటి ముందు బండీ కారూ ఆగాయి. కారులోంచి దిగినాయన సన్నగా, బంగారు కళ్లజోడుతో ఉన్నాడు. భుజం మీది దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. అలవాటైన నవ్వు. లక్ష్మీరాజం బండి దిగి ఆయన పక్కన నిలబడ్డాడు. గడపలో సాయవ్వ హారతి పళ్లెంతో ఉంది.

ఇంటికొచ్చిన ఇద్దరిలో పెద్దవాడికి హారతి ముందు. ఇచ్చేవాళ్లు పొరపాటున చిన్నవాడి వైపు తిరిగితే, అతను రెండడుగులు వెనక్కి వేసి "ముందు వారికి" అని పళ్లాన్ని అటు నెట్టడం మర్యాద. ఈ ఊళ్లో పెళ్లికొడుకుల మేనమామలు, అలగడానికే పెళ్లికొచ్చేవాళ్లు, వాళ్లు కూడా చేసే పని అది. చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సాయవ్వ పళ్లెం లక్ష్మీరాజం ముందు పెట్టింది. పెట్టి, తిప్పకుండా ఆగింది. కర్పూరం మండుతోంది. కావలసినంత సేపు ఆగింది. ఒక్క మాట అంటే చాలు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే, ఇన్నాళ్ల ఆమె కష్టమంతా బూడిదవుతుంది. ఆయనకు ఆ దారి ఆమె మూయలేదు. అది మాత్రం తర్వాత కూడా ఎవరైనా అడిగితే ప్రమాణం చేసి చెప్పగలదు.

లక్ష్మీరాజం ముఖం ముందుకు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. హారతి కళ్లకద్దుకుని, నుదుటికి కుంకుమ పెట్టించుకుని, సాయవ్వ తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించాడు కూడా. వెనకాల శారమ్మ "జై!" అంది.

పళ్లెం పరిశీలకుడి వైపు తిరిగేసరికి కర్పూరం కొండెక్కింది. ఆయన మిగిలిన పొగకే దండం పెట్టాడు. ఈసారి నవ్వలేదు.

అర్రలోకి ఒక్కొక్కరే వెళ్లి అభిప్రాయం చెప్పారు. అందరూ కుడి హోటల్ వాళ్లే. రాజన్న లేకుంటే ఈడ పార్టీ ఏడున్నది సార్, అన్నారు. మాకు పైన ఎవలున్నరో ఎరికలేదు సార్, మాకు రాజన్నే పార్టీ, అన్నారు. శారమ్మ మాట నిలబెట్టింది. ఎడమ హోటల్ ఆ రోజు తలుపే తీయలేదు.

పరిశీలకుడు విస్తరి ముందు కూర్చుంటూ హన్మండ్లును అడిగాడు. "ఈయన మీద చాలా వ్యతిరేకత ఉందని విన్నానే?"

"ఒక్కడు రాలే సార్! ఒక్కడంటే ఒక్కడు!" హన్మండ్లు ఛాతీ ఉబ్బింది.

"మీరేమంటారమ్మా? చదువుకున్నారట."

సాయవ్వ కోడికూర గిన్నె పట్టుకుని, కొంగు సర్దుకుని, చదువుకున్న మనిషి సిగ్గుపడినట్టే సిగ్గుపడింది.

"మా రాజన్న చాన పెద్దోడు సార్. మీరు టికెట్ ఇచ్చినా గెలుస్తడు, ఇయ్యకున్నా గెలుస్తడు. ఆయనకు పార్టీతో పనిలేదు సార్, పార్టీకే ఆయనతో పని. అందరు గదే అంటరు."

అందులో అబద్ధమేమీ లేదు. కుడి హోటల్లో పొద్దున్నే చాయతో పాటు పోసే మాటే అది. ఆమె దాన్ని వేడి తగ్గకుండా హైదరాబాద్ విస్తట్లోకి వడ్డించింది, అంతే.

పరిశీలకుడు తల ఊపాడు, నిలువుగానో అడ్డంగానో తెలియకుండా. కూర మాత్రం రెండోసారి వేయించుకున్నాడు.

టికెట్ లింబయ్యకు వచ్చింది.

రెండు హోటళ్లూ ఒకే రోజు, ఒకే మాట అన్నది ఎర్రవాగు చరిత్రలో అప్పుడే. "ఎవలు? లింబయ్యనా?" పార్టీ మీటింగుల్లో జంబుఖానాలు పరిచి, మళ్లీ మడత పెట్టే మనిషి లింబయ్య. ఏమడిగినా "మీరెట్లంటే గట్ల" అంటాడు. పైవాళ్లకు ఆ మాట ఎంతో నచ్చిందట. మర్నాటి నుంచి హన్మండ్లు జేబులో రుమాలు లింబయ్య తుమ్ముల కోసం ఎదురుచూడసాగింది.

లక్ష్మీరాజం పార్టీని బూతులు తిట్టి, ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. పార్టీ అతన్ని వెళ్లగొట్టింది. అప్పుడు తెలిసింది కుడి హోటల్ ప్రేమ ఎంతటిదో. టికెట్ పోయిందంటే వచ్చే సీజన్లో తల ఊపేది ఈయన కాదని జనానికి అర్థమైంది. బెంచీలు ఖాళీ అయ్యాయి. ఇక ఓట్లు కావాలంటే ఎప్పుడూ అడగని చోటే అడగాలి. వాగు గడ్డ గల్లీలో అడగాలి. ఆ గల్లీ మొత్తం నాగవ్వ మాట మీద ఉంటుంది.

లక్ష్మీరాజం మళ్లీ సాయవ్వ వసారాలో కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది.

"నువ్వు నా కోసం ఎంత చేసినవ్ చెల్లె. గంత స్వాగతం నా జన్మల చూడలే. ఏ కండ్లు పడ్డయో గానీ..."

"అవునన్న, కండ్లే," అంది సాయవ్వ. చాయలో చక్కెర మాత్రం సరిగ్గానే వేసింది.

"మీ అవ్వకు చెప్పి గల్లీ ఓట్లు నాకేయించాలె."

"అవ్వ కడుపు కాలి ఉన్నదన్న. తమ్ముడు ఊళ్లె లేకపాయె. వాడు వస్తే అవ్వ చల్లబడ్తది. అవ్వ ఎవలికి వెయ్యమంటే గల్లీ వాళ్లకే వేస్తది."

లక్ష్మీరాజం మిగిలిన చాయ ఒక్క గుక్కలో తాగేశాడు. "గదెంత పని," అన్నాడు గ్లాసు కింద పెట్టి.

బోధన్ కోర్టులో వాయిదా పోలింగ్‌కు ముందే పడింది. పోశయ్య బోనెక్కి, "మంట చూసిన సార్, మనిషిని చూడలే," అన్నాడు. ఇంతకాలం చూసినట్టు ఎందుకన్నావంటే, పొగలో అట్లనిపించిందన్నాడు. కేసు కొట్టేశారు.

సిద్దిరాములు భీవండి నుంచి వచ్చాడు. సన్నబడ్డాడు. మగ్గాల దూది ఊపిరితిత్తుల్లోకి చేరి మాటకో దగ్గు వస్తోంది. నాగవ్వ కొడుకు వీపు నిమురుతూ ఏడుస్తూ, లక్ష్మీరాజానికి పుట్టబోయే మనవళ్ల దాకా శాపనార్థాలు పెట్టింది. సాయవ్వ ఏడవలేదు. తమ్ముడు దగ్గినప్పుడల్లా లోపల ఏదో లెక్క సరిచూసుకుంది. టికెట్ పోయింది, బాగానే ఉంది. కేసు పోయింది, బాగానే ఉంది. కానీ ఆ మనిషి ఇంకా తనను చెల్లె అనుకుంటున్నాడు. ఎవరు కొట్టారో తెలియని దెబ్బ దెబ్బే కాదనిపించింది ఆమెకు.

మర్నాడు పొద్దున్నే లక్ష్మీరాజం నలుగురు మిగిలిన మనుషులతో వాగు గడ్డ గల్లీకి వచ్చాడు. గడపల్లో ఆడవాళ్లు, అరుగుల మీద మగవాళ్లు. శారమ్మ కూడా కోతకు పోకుండా ఆగింది. సాయవ్వ తల్లి ఇంటి ముందు నిలబడి ఉంది. లక్ష్మీరాజం మనుషులను వెనకే ఉంచి, తానొక్కడే దగ్గరకు వచ్చాడు.

"చెల్లె, నా మాట నేను నిలబెట్టుకున్న. ఇగ నువ్వు చెప్పు వీళ్లకు."

"చెప్తనన్న. ముందుగాల మీకు చెప్త," అంది సాయవ్వ మెల్లగా, నవ్వుతూనే. "ఆ బ్యానర్ రాయించింది నేనే. శారక్కతోటి జిందాబాద్ కొట్టించింది నేనే. పార్టీకే మీతో పని అని హైదరాబాదాయనకు చెప్పింది నేనే. హారతి మీకు ముందుగాల ఇచ్చింది గూడ తెలిసే ఇచ్చిన. మీరు వెనక్కి జరుగుతరేమో అని మస్తు భయపడ్డ. జరగలే. మీ టికెట్ మీరే మింగిన్రు, నేను వడ్డించిన గంతే. నా తమ్ముని చెరుకుకు బదులు."

లక్ష్మీరాజానికి ముందు అర్థం కాలేదు, తర్వాత నమ్మకం కుదరలేదు, తర్వాత ఒక్కటొక్కటే గుర్తొచ్చి ముఖమంతా నల్లబడింది. కోపం రావలసిన చోట ఆయన చేసిన మొదటి పని వేరే. మెడ తిప్పి గల్లీకి ఆ చివరా ఈ చివరా చూశాడు, ఎవరైనా విన్నారా అని. ఎవరూ వినలేదు. శారమ్మ పక్కామె తలలో పేలు చూస్తోంది. మగవాళ్లు బీడీలు ముట్టించుకుంటున్నారు. ఆయన మనుషులు దూరంగా కోడిపుంజును తరుముతున్నారు. లక్ష్మీరాజం ముఖంలోకి కొంచెం ప్రాణం తిరిగొచ్చింది.

అది చూసి సాయవ్వ గొంతు సవరించుకుని, ఈసారి గల్లీ చివరిదాకా వినబడేలా, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.